క్షీరశుద్ధి – పాలయందలి ఔషధశేషముల పరీక్ష
(వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు పెద్దలు పలుకవలసినదంతయు పలికియున్నారు. మాకు నియమింపబడిన విషయము మన కులవృత్తికి సంబంధించినది. పాడి మనకు తాతముత్తాతలనుండి సంక్రమించిన సొత్తు. నేడు మన యువకులలో ననేకులు ఉద్యోగములయందును, వర్తకమునందును, దేశాంతరములయందును స్థిరపడియున్నను, పల్లెలయందు మన స్త్రీజనము ఇంకను తెల్లవారుజామున చెంబు చేతబట్టుకొని పొదుగుకడ కూర్చుండియే దినమును ప్రారంభించుచున్నారు. ఆ చెంబెడు పాలను కొనువాడు మన ముఖము చూచి కొనుచున్నాడు. ఆ నమ్మకమే మన మూలధనము. ఆ మూలధనమునకు నేడు కంటికి కానరాని తరుగొకటి కలుగుచున్నది గనుక, దానిని గూర్చి రెండు మాటలు మనవిచేయ సాహసించుచున్నాము.

పాలలో నీరు కలిపినచో లాక్టోమీటరు పట్టియిచ్చును. వెన్న తీసినచో వెన్నశాతపు పరీక్ష బయటపెట్టును. పాలు పులిసినచో ముక్కే చెప్పును. హంస పాలను నీటిని వేఱుచేయునని మన పెద్దలు చెప్పుదురు. కాని ఆ హంసకును వేఱుచేయ సాధ్యముగాని పదార్థమొకటి నేటి పాలలో చేరుచున్నది. అది పశువునకు రోగము కుదుర్చుటకై యిచ్చిన మందుయొక్క శేషము. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అది వెన్నను తగ్గింపదు, చిక్కదనమును మార్చదు. కావున వెన్నశాతమును బట్టియే ధర కట్టు పాలకేంద్రమునందు ఆ పాలకు పూర్తి ధరయే దొరకును.

ఈ మందులకు యాంటీబయాటిక్కులని పేరు. సూక్ష్మజీవులను చంపునవి, లేక వాని పెరుగుదలను నిలుపునవి యని యర్థము. 1928వ సంవత్సరమున అలెగ్జాండరు ఫ్లెమింగు బూజునుండి పెన్సిలిన్‌ను కనుగొనెను. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా, అచటనే బెంజమిన్ డగ్గరు కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అదియే మొదటిది. ఆంధ్రుని పర్యవేక్షణమున వెలసిన ఆ మందు లెక్కలేనన్ని ప్రాణములను నిలిపినది. అయితే కొలది కాలమునకే అదే పరిశోధనాలయమువారు, ఆ మందు తయారైన పిదప మిగిలిన పిప్పిని కోళ్లకు మేపినచో అవి త్వరగా పెరుగుచున్నవని గమనించిరి. అంతటితో రోగికి మాత్రమే చెందవలసిన మందు ఆరోగ్యముగానున్న పశుపక్ష్యాదుల మేతలోనికి దిగెను. ఐరోపా సమాఖ్య ఇట్టి మేతమందుల నన్నిటిని 2006 జనవరి మొదలుకొని నిషేధించినది. మందు మంచిదే, దాని చోటు తప్పుటయే కీడు.

ఇది పాలలోనికెట్లు వచ్చుననగా, ముఖ్యముగా పొదుగువాపు వ్యాధి మూలమున. పొదుగు గట్టిపడి, వేడెక్కి, పాలలో తరకలు పడినపుడు, వైద్యుడు చనుమొన రంధ్రముగుండ మందును గొట్టముతో లోపలికెక్కించును. సూదిమందు కూడ ఇచ్చును. ఆ మందు రోగమును కుదుర్చుటతోనే ఆగదు; మిగిలిన భాగము కొన్నిదినములు పాలతో కలిసి బయటికి వచ్చుచుండును. నాలుగు చనులలో ఒక్కదానికే మందెక్కించినను, రక్తముగుండ తక్కిన మూటిలోనికిని కొంత చేరవచ్చును. కావున “ఆ చను విడిచి తక్కినవి పిదికితిమి” అనుట సమాధానము కాజాలదు. ఈనిన పిదప గర్భకోశమునకు పట్టిన చీమునకును, జ్వరమునకును ఇచ్చు మందులును ఇట్లే పాలలోనికి దిగును. వట్టిపోవు కాలమున పొదుగులోనికెక్కించు మందు చిరకాలము నిలుచునట్లు చేయబడినది. పశువు గడువుకంటె ముందుగా ఈనినచో ఆ శేషము కొత్తపాలలో కనబడుట కలదు.

దీనివలన కలుగు హాని మూడు విధములు.

మొదటిది, పెన్సిలిన్ పడనివారి విషయము. వారికి ఆ మందు స్వల్పముగ సోకినను దద్దురులు పుట్టవచ్చును. అరుదుగా నైనను ప్రాణాపాయముగూడ సంభవింపవచ్చును. పాలు త్రాగువాడు తాను మందు మ్రింగుచున్నానని యెఱుగడు. పాలు త్రాగువారిలో పసిపిల్లలు, రోగులు, గర్భిణులు ముందువరుసలోనివారని మఱువరాదు.

రెండవది, సూక్ష్మజీవులు మందునకు అలవాటుపడుట. చంపుటకు చాలని కొలది మందు తగిలినపుడు బలహీనమైన క్రిములు చచ్చి, తట్టుకొన్నవి మిగిలి, వాని సంతతియే వృద్ధియగును. ఈ కీడులో పెద్దపాలు పాలశేషమువలనగాక, పశువులకును మనుష్యులకును అడ్డదిడ్డముగ మందు వాడుటవలననే కలుగుచున్నది. న్యాయముగ చెప్పవలెనన్న ఇట్లే చెప్పవలెను. అయినను పాలయందు శేషము కనబడుట, ఆ యింట మందు అడ్డదిడ్డముగ వాడబడుచున్నదనుటకు సాక్ష్యము. మనుష్యులకు కడపటి యాధారముగ నుంచుకొన్న కోలిస్టిన్ అను మందును ఆహారమునిచ్చు పశుపక్ష్యాదులకు వాడరాదని మన కేంద్రప్రభుత్వము 2019 జూలైలో నిషేధించుటకు కారణమిదియే.

మూడవది మన గృహిణులకు బాగుగ తెలిసినది: పాలు తోడుకొనకపోవుట. పెరుగును చేయునవియు సూక్ష్మజీవులే. పెన్సిలిన్ శేషము వానినిగూడ అణచివేయును. పాశ్చాత్య దేశములయందు జున్నుగడ్డ చేయువారు తమ తోడు పనిచేయక నష్టపడినపుడే ఈ విషయము తొలుత పైకి వచ్చినది. అయితే పెరుగు తోడుకొన్నంతమాత్రమున పాలు శుద్ధమని తలపరాదు. తోడుక్రిములను బాధింపని మందులును కలవు. తోడుకొననంతమాత్రమున దోషమనియు తలపరాదు. చలికాలమున, తోడు పాతదైనపుడు పెరుగు చెడుట సామాన్యమే. ఇక “కాచినచో అన్నియు పోవును గదా” యని కొందఱందురు. కాచుటచే క్రిములు చచ్చును గాని మందు శేషము చాలవఱకు అట్లే నిలుచును. ఈ దోషమును పొయ్యికడ దిద్దలేము, పొదుగుకడనే దిద్దుకొనవలెను.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చిత్తగింపుడు. అంతర్జాతీయ ఆహారప్రమాణములను నిర్ణయించు కోడెక్స్ సంస్థవారు లీటరు పాలలో పెన్సిలిన్ శేషము 4 మైక్రోగ్రాములకు మించరాదనియు, టెట్రాసైక్లిన్ జాతి మందులు 100 మైక్రోగ్రాములకు మించరాదనియు హద్దు పెట్టిరి. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. పదివేల లీటర్ల ట్యాంకరును హద్దు దాటించుటకు ఎంత పెన్సిలిన్ కావలెను? 40 మిల్లీగ్రాములు, అనగా గ్రాములో ఇరువదియైదవ వంతు! చిటికెడైనను కాదు. ఒక్క గేదె పొదుగులోనికెక్కించిన మందులో కొంతభాగము చాలును, వందలయిండ్లవారు పోసిన పాలను దోషయుక్తము చేయుటకు. కుండెడు పాలకు ఒక్క విషపుబొట్టు అను సామెత ఇచట అక్షరాల నిజమగుచున్నది. ఆ ట్యాంకరు త్రిప్పివేయబడినపుడు నిర్దోషులైన తొంబదితొమ్మిదిమంది నష్టము నూఱవవాని తొందరపాటు ఫలము.

చట్టము ఈ విషయమున మౌనముగ లేదు. 1945 నాటి ఔషధ, సౌందర్యసాధన నిబంధనలకు 2012 జనవరిలో చేయబడిన సవరణ ననుసరించి, ఆహారమునిచ్చు పశువులకు వాడు మందుల పెట్టెపై, ఆ మందు వాడిన పిదప ఎన్నిదినములు పాలు వాడరాదో ముద్రింపవలెను. అట్టి గడువు ప్రత్యేకముగ నిర్ణయింపబడని మందుల విషయమున పాలకు, గ్రుడ్లకు 7 దినములకును, మాంసమునకు 28 దినములకును తక్కువ గాకుండ విడువవలెను. ఈ గడువును చివరి మోతాదు ఇచ్చిన దినమునుండి లెక్కింపవలెను గాని మొదటి మోతాదునుండి కాదు. ఆ అక్షరములు చిన్నవి. పెక్కుచోట్ల ఆంగ్లమున నుండును. మన యింటి చదువుకొన్న బాలుడు, బాలిక వానిని తల్లికి చదివి వినిపించుట ఆమె ఋణము కొంత తీర్చుకొనుటయే యగును.

మన దేశమున దోషమెంత? భారత ఆహారభద్రతా ప్రమాణముల సంస్థవారు 2018లో దేశమంతటను 1,103 పట్టణములనుండి 6,432 పాల నమూనాలను పరీక్షింపించి, 2019లో ఫలితమును ప్రకటించిరి. నీరు, పిండి మొదలగునవిగాక ప్రాణహానికరములైన కల్తీలు 12 నమూనాలయందు మాత్రమే కనబడినవి. ఔషధశేషము హద్దుమీఱినవి 77. బూజుపట్టిన దాణామూలమున వచ్చు అఫ్లాటాక్సిన్ అను విషము హద్దుమీఱినవి 368. దీనినుండి రెండు సంగతులు గ్రహింపదగును. పాలవారందఱు మోసగాండ్రని లోకమున వ్యాపించిన నింద అసత్యము; నూటికి తొంబదిమూడు నమూనాలు హానిలేనివిగ తేలినవి. ఇది మనము తలయెత్తి చెప్పదగిన మాట. కాని మిగిలిన దోషము కల్తీచేయువాని దురాశనుండిగాక, పశువును పెంచువాని కొట్టమునుండియే వచ్చుచున్నది. మందును, దాణాను గమనింపకపోవుటనుండి వచ్చుచున్నది. దీనిని సరిదిద్దుట పోలీసుల పని కాదు, మన పని.

ఇక పరీక్ష యెట్లు చేయుదురో చెప్పెదము. ప్రధానముగ రెండు విధములు.

మొదటి విధమున సూక్ష్మజీవినే సాక్షిగ పెట్టుకొందురు. వేడిని తట్టుకొని పెరుగు ఒకానొక క్రిమియొక్క బీజములను, ఊదారంగు ద్రవ్యమును చిన్నగొట్టములోని గంజివంటి పదార్థమున ఉంచి, దానిపై కొలది పాలు పోసి, 64 డిగ్రీల వెచ్చదనమున సుమారు మూడుగంటలుంతురు. పాలలో మందు లేనిచో క్రిమి పెరిగి, ఆమ్లము పుట్టి, ఊదారంగు పసుపగును. మందున్నచో క్రిమి పెరుగదు. ఊదా ఊదాగనే నిలుచును. ఇది పలుజాతుల మందులను పట్టగలదు గాని కాలము పట్టును. జున్నుపాలయందును, పొదుగువాపు ముదిరిన పాలయందును సహజముగ నుండు రక్షకపదార్థములు క్రిమిని అణచి, మందు లేకున్నను ఉన్నట్లు చూపవచ్చును. కావున ఒక్క పరీక్షతోనే ఎవరిమీదను నింద వేయరాదు.

రెండవ విధము కాగితపు పట్టీ. పాలను పొడిద్రవ్యముతో కలిపి, కొలదినిమిషములు వెచ్చగానుంచి, పట్టీని ముంచినచో గీతలు లేచును. నియామకగీతతో పరీక్షగీతను పోల్చిచూడవలెను. ఈ పట్టీలలో సామాన్యముగ పరీక్షగీత గట్టిగ లేచినచో మందు లేదనియు, వెలవెలబోయినను, లేవకపోయినను మందున్నదనియు అర్థము. చూచువాడు తలక్రిందులుగ గ్రహించు భయమున్నది గనుక, పెట్టెలోని వివరణపత్రమును చదువనిదే ఎవరును దీనిని చేయరాదు. పదినిమిషములలో ఫలితము తెలియును గాని ఒక్కొక్క పట్టీ కొన్నిజాతుల మందులనే చూడగలదు. పెన్సిలిన్ జాతిని చూచు పట్టీకి జెంటామైసిన్ కనబడదు. అందువలన పరీక్షలో దోషము లేదని తేలినను, పెట్టెపై ముద్రించిన గడువు ముగియనిదే పాలు పోయరాదు. పరీక్ష గడువునకు తోడు. గడువునకు బదులు కాదు. ఈ రెండు విధములయందు దోషము కనబడినపుడు, ఏ మందు, ఎంత యని ఖండితముగ చెప్పుటకు పెద్ద ప్రయోగశాలలలోని యంత్రములు కలవు.

అమెరికాదేశమున 1992 మొదలుకొని పాలకర్మాగారమునకు వచ్చు ప్రతి ట్యాంకరును దించుటకు ముందే పెన్సిలిన్ జాతి మందులకై పరీక్షించుచున్నారు. దోషమున్న ట్యాంకరును పారబోయుదురు. ప్రతి రైతునుండి ముందే తీసి దాచిన నమూనాలను పరీక్షించి కారకుని కనుగొందురు. ఇటీవలి సంవత్సరములలో అచట దోషము కనబడునది సుమారు పదివేల ట్యాంకర్లకు ఒకటి. దీని రహస్యము యంత్రములో లేదు. ప్రతివాని నమూనాను వేఱుగ దాచుటయందున్నది. తన పాలు తన పేరుతో నిలిచియుండునని తెలిసినవాడు జాగరూకుడగును.

ఇంతవఱకు చెప్పినది శాస్త్రము. ఇక కష్టమైన భాగమునకు వచ్చుచున్నాము. వైద్యము జరిగిన పశువు పాలు ఏడుదినములు పారబోయుడని ఈ వేదికనుండి చెప్పుట సులభము. ఇరువది పశువులున్న ఆసామికి ఒక్కదాని పాలు పోయినను ఇల్లు గడచును. ఒక్క గేదెతో బ్రతుకు వితంతువు సంగతియేమి? గేదె పూటకు మూడేసి లీటర్లిచ్చుననుకొందము. ఏడుదినములకు 42 లీటర్లు. లీటరు 50 రూపాయలైనచో 2,100 రూపాయలు. దానికి తోడు వైద్యుని ఖర్చు, మందు ఖర్చు, చల్లారని దాణా బాకీ. ఆ వారము ఆమె యింట పొయ్యి యెట్లు వెలుగును? ఆమెకు గడువు తెలియదని కాదు; పాటించు శక్తి లేదు. ఇట్టి స్థితిలో పాలకేంద్రమున పరీక్షమాత్రము పెట్టి, దొరికినవారిని శిక్షించినచో ఏమగును? ఆమె వైద్యునికడకు పోక, మందులదుకాణమున చీటీలేని మందు కొని, రహస్యముగ వాడి, మందు వాడిన సంగతియే దాచును. దోషము తగ్గదు, నిజము చెప్పు అలవాటు మాత్రము తగ్గును. కావున పరీక్షయు, నష్టపరిహారమును జోడెద్దులవలె కలిసి నడువవలెనని మా దృఢాభిప్రాయము.

ఈ కారణమున మహాసభవారి యెదుట కొన్ని సూచనలను వినయముగ నుంచుచున్నాము.

ప్రథమమున, ప్రతి గ్రామ శాఖయందును క్షీరనష్టనిధి యొకటి ఏర్పడవలెను. పాలు పోయు ప్రతివారును లీటరునకు పదిపైసలు దానికి చెల్లించినచో, దినమునకు 500 లీటర్లు చేరు గ్రామమున నెలకు 1,500 రూపాయలు కూడును. అది చాలనిచోట పోషకమహాశయులు పూరింపవలెను. వైద్యుని చీటీ చూపి, పాలు విడిచిపెట్టినట్లు ముందుగ తెలిపినవారికి నష్టములో సగమైనను ఈ నిధినుండి చెల్లింపవలెను. దాచి పట్టుబడినవారికి చెల్లింపరాదు. నిజము చెప్పినవానికి లాభము, దాచినవానికి నష్టము కలుగునట్లు చేసినపుడే నీతి నిలుచును.

ద్వితీయమున, ప్రతి పాలకేంద్రమునందు మందుల పుస్తకమొకటి ఉండవలెను. పశువు గుర్తు, రోగము, మందు, చివరి మోతాదు తేదీ, పాలు విడువదగిన తేదీ అందు వ్రాయవలెను. వైద్యము జరిగిన పశువు కాలికి ఎఱ్ఱగుడ్డ కట్టినచో, ఇంటిలో మఱియొకరు పిదుకవచ్చినను పొరపడరు.

తృతీయమున, ప్రతివారి పాలనుండి చిన్న నమూనా తీసి, గుర్తు వేసి, ఆ పూట ట్యాంకరు ఫలితము తెలియువఱకు చల్లగ నుంపవలెను. కలిసిన పాలను పట్టీతో పరీక్షించి, దోషము కనబడినపుడు మాత్రమే విడివిడి నమూనాలు చూచినచో ఖర్చు తక్కువ.

చతుర్థమున, పారబోయు పాలను దూడకు పోయరాదు. కొలది మందుతో పెరుగు దూడ కడుపులో మందునకు లొంగని క్రిములు వృద్ధియగును. బావికి, చెరువునకు దూరముగ గోతిలో పోయుట మేలు.

వీనికంటె ముఖ్యమైనది రోగమే రాకుండ చూచుకొనుట. చేతులు, పొదుగు కడిగి తుడిచి పిదుకుట. మొదటి ధారలను నల్లగుడ్డపై పిండి తరకలున్నవేమో చూచుట. పాలు మిగుల్చక పిదుకుట. పిదికిన వెంటనే చనుమొన రంధ్రము తెఱచియుండును గనుక, మేతవేసి అరగంటసేపు పశువును నిలువబెట్టుట. పేడ, మూత్రము నిలువని పొడినేల. వీనిలో ఖర్చుగలదేదియు లేదు. జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థవారును, కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నము 15 గ్రాములు నూరి, నీటితో పలుచన చేసి, పొదుగునకు దినమునకు పలుమారులు పూయుటను పొదుగువాపునకు ప్రచారము చేయుచున్నారు. అయితే పశువు మేత మాని, జ్వరముతో పడియున్నపుడు పెరటివైద్యముతో కాలము గడుపక, వైద్యుని పిలువవలెను. మందు వద్దని మేము చెప్పుటలేదు. బాధపడు మూగజీవమునకు మందు మానుట పాపము. మందు పట్టిన పాలను పరులబిడ్డకు పోయుట అంతకంటె తక్కువ పాపము కాదు.

పోషకవర్యులకు ఒక్క మనవి. తమ దానములచే వసతిగృహములు వెలసినవి, సత్రములు వెలసినవి. ఒక్క గ్రామమునకైనను పరీక్షసామగ్రిని, నష్టనిధికి మొదటి సొమ్మును ఇచ్చి చూడుడు. ఒక్క సంవత్సరము పుస్తకము వ్రాసి, వచ్చు మహాసభయందు ఆ లెక్కలను, దోషములతోసహా, ఇచటనే చదివి వినిపింపవలెనని కోరుచున్నాము. ఆ లెక్క చిన్నదైనను దానిని చూచి పదిగ్రామములు ముందుకు రాగలవు.

కులబాంధవులారా! మన పెద్దలు పాలు అమ్ముకొన్నను మాట అమ్ముకొనలేదని చెప్పుకొందుము. ఆ మాటకు నేడు లోకము రుజువు కోరుచున్నది. కోరుటలో అవమానము లేదు, చూపలేకపోవుటయందే అవమానము. మన చెంబులోని పాలు ఎవరు ఎప్పుడు పరీక్షించినను నిలుచునవిగ నుండుగాక! మన పాడి వర్ధిల్లుగాక!